ముప్పై దగ్గర పడుతుండగా ఎల్‌ఎల్‌బీలో చేరాలంటే

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు ఈ సంవత్సరం మొదలుకొని కిందికి ఎనిమిది సంవత్సరాలు రాయండి. ఒక్కో సంవత్సరం పక్కన అప్పటికి మీకు నిండే వయసు రాయండి. ఇరవై తొమ్మిదో ఏట నేను ఈ కాగితం వెంటనే రాసుకోలేదు. "ఈ వయసులో లా అవసరమా" అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆర్నెల్లు తిరిగాను. అమ్మతో అదే మాట, స్నేహితురాళ్ళతో అదే మాట, రాత్రిళ్ళు నాలో నాకు అదే మాట. వయసు గురించిన భయం మాటల్లో ఉన్నన్నాళ్ళు పెరుగుతూనే ఉంటుంది. అంకెల్లో పెట్టి చూస్తే అందులో ఎంత ఉత్తదో, ఎంత నిజమో తేలిపోతుంది. కొంత నిజం ఉంది కూడా. ఆ కొంత మీకు ముందే తెలియాలనే ఇది రాస్తున్నాను.

తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో డిగ్రీ ఎప్పుడో పూర్తిచేసి, ఏడెనిమిదేళ్ళు ఉద్యోగంలోనో ఇంటి బాధ్యతల్లోనో గడిపి, ఇప్పుడు మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ వైపు చూస్తున్న ఆడవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

ముందు వయసు సంగతి తేల్చుకోండి

ఎల్‌ఎల్‌బీ ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ రాయడానికి గరిష్ఠ వయసు లేదు. అయినా "ముప్పై దాటితే తీసుకోరట" అనేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. వాళ్ళు కల్పించి చెప్పడం లేదు, పాత సంగతి చెబుతున్నారు. న్యాయవిద్యకూ వకీళ్ళకూ నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనల్లో మూడేళ్ళ కోర్సుకు 30 ఏళ్ళ పరిమితి పెట్టింది. మధ్యలో దాన్ని ఎత్తేశారు, 2016లో మళ్ళీ తెచ్చారు, 2017 మార్చిలో సుప్రీంకోర్టు దాని అమలును ఆపింది. అదీ కథ. మీ ధైర్యం కోసం లాసెట్ నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ ఒకసారి మీరే చదువుకోండి. చట్టం చదవబోయే మనిషి ఎవరో చెప్పింది విని వెనక్కి తగ్గకూడదు.

వయసు నిజంగా అడ్డొచ్చే చోటు ఒకటుంది. మీ మనసులో ఉన్నది న్యాయమూర్తి ఉద్యోగం అయితే ఈ భాగం నిదానంగా చదవండి. రెండు రాష్ట్రాల్లోనూ జూనియర్ సివిల్ జడ్జి నోటిఫికేషన్లలో ఓపెన్ కేటగిరీకి గరిష్ఠ వయసు 35 ఏళ్ళుగా ఉంటూ వచ్చింది. రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు సడలింపు ఉంది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఆ పోస్టుకు కనీసం మూడేళ్ళు వకీలుగా పనిచేసి ఉండాలనే షరతు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు మీ కాగితం చూడండి. ఇరవై తొమ్మిదిలో చేరితే ముప్పై రెండుకి డిగ్రీ చేతికొస్తుంది. ఎన్‌రోల్‌మెంట్‌కి, అంటే వకీలుగా పేరు నమోదుకి, కొన్ని నెలలు. అక్కణ్ణుంచి మూడేళ్ళ ప్రాక్టీసు అంటే ముప్పై అయిదు దాటుతుంది. సడలింపు లేకపోతే ఆ తలుపు మూసుకుపోయినట్టే, లేదా చాలా ఇరుగ్గా తెరిచి ఉన్నట్టు. ఈ మాట నాకు ఎవరూ చేరేముందు చెప్పలేదు. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక మీరు దరఖాస్తు చేసే నాటి నోటిఫికేషనే ప్రమాణం. కానీ "జడ్జి కాకపోతే ఈ చదువు వృథా" అనుకునే మనిషి మీరైతే, ఆ సంగతి ఈ కాగితం ముందే ఒప్పుకోండి.

మిగతా తలుపులు తెరిచే ఉన్నాయి. వకీలుగా ప్రాక్టీసుకు వయసుతో పనిలేదు. ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు అడుగుతారు, వయోపరిమితి ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. జిల్లా జడ్జిగా నేరుగా వెళ్ళాలంటే రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం ఏడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. అంటే నలభైలలోకి వెళ్ళాక జిల్లా న్యాయమూర్తి పదవికి దారి ఉంది. కంపెనీల న్యాయ విభాగాలు, బ్యాంకులు, ఉచిత న్యాయసహాయం అందించే లీగల్ సర్వీసెస్ అథారిటీల పని, డాక్యుమెంట్ డ్రాఫ్టింగ్ వేరే. మీకు అకౌంట్స్‌లోనో, హెచ్‌ఆర్‌లోనో, ఆసుపత్రిలోనో, బడిలోనో ఏళ్ళ అనుభవం ఉంటే అది పోయిన కాలం అనుకోకండి. జీతాల లెక్కలు చూసిన మనిషికి కార్మిక చట్టం పేపరు సగం తెలిసే ఉంటుంది. నా విషయంలో జరిగింది అదే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పుట్టింది 1909లో, రాజమండ్రిలో. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, పెద్దయ్యాక ఆమె ఆ పెళ్ళిని కాదన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు. పై చదువులన్నీ ఆ తర్వాతే. ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఏ. చేసి, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకునేనాటికి ముప్పై దాటాయి. ఆ తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. మన ప్రాంతంలో ఈ దారి కొత్తదేం కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

కాగితాలు సర్దుకోండి, పేరు సంగతి మరీ ముఖ్యం

పరీక్షకు చదవడం మొదలుపెట్టకముందే సర్టిఫికెట్ల ఫైలు తెరవండి. ఇరవై ఏళ్ళ పిల్లలకు ఇది పూటలో అయ్యే పని. మనకు ఒక్కోసారి నెలలు పడుతుంది.

అర్హతకు డిగ్రీలో 45 శాతం మార్కులు కావాలి. వెనుకబడిన తరగతులకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. డిగ్రీ దూరవిద్యలో చేసినా పర్వాలేదు, కానీ దానికి ముందు ఇంటర్ ఉండాలి. ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్ళను బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. పెళ్ళయి చదువు ఆగిపోయి, ఆ తర్వాత ఓపెన్ డిగ్రీ కట్టిన ఆడవాళ్ళు మనలో చాలామంది. ఫీజులు కట్టాక ఇది తెలిసి ఏడ్చినవాళ్ళను చూశాను. మీరు అలాంటివాళ్ళయితే ఈ రోజే తేల్చుకోండి.

ఇక పేరు. నా టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు. పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుకి మార్పించుకున్నాను, బ్యాంకు ఖాతా కూడా అలాగే. డిగ్రీ ప్రొవిజనల్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది. సర్టిఫికెట్ల పరిశీలనలో అవతలి మనిషి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి "ఇవి ముగ్గురివా?" అని అడిగాడు. ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. ఆ రోజంతా నోటరీ కోసం తిరిగాను.

కాబట్టి మెమోలు, ప్రొవిజనల్, ఆధార్, కుల ధ్రువపత్రం అన్నీ నేలమీద పరిచి పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక్క హెచ్ ఎక్కువైనా రాసిపెట్టుకోండి. నా సలహా ఏమిటంటే, టెన్త్ మెమోలో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని మిగతావాటిని దాని దగ్గరికి తీసుకురండి. విశ్వవిద్యాలయమైనా, బార్ కౌన్సిలైనా చివరికి చూసేది ఆ మెమోనే. ఆధార్ మార్చుకోవడం తేలిక, మెమో మార్చడం తలకు మించిన పని. మార్చడం కుదరకపోతే "ఈ రెండు పేర్లూ నావే" అని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. అత్తింటి పేరుతోనే ఉండాలని గట్టిగా అనుకుంటే గెజిట్‌లో ప్రకటన వేయించాలి. దానికి సమయం పడుతుంది.

వీటితోపాటు తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, వేరే రాష్ట్రంలో చదివితే మైగ్రేషన్. చదువుకీ ఇప్పటికీ మధ్య ఖాళీ ఉంది కాబట్టి గ్యాప్ సర్టిఫికెట్ అడగవచ్చు. ఆదాయ, కుల, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ నాటికి చెల్లుబాటులో ఉండేవే కావాలి. మీరు చదివిన బడి మూతపడి ఉంటే స్టడీ సర్టిఫికెట్ కోసం మండల విద్యాశాఖ కార్యాలయానికి వెళ్ళాల్సి వస్తుంది. దానికి రెండు మూడు సార్లు తిరగక తప్పకపోవచ్చు.

లాసెట్

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఈ ప్రయాణంలో అన్నింటికన్నా తేలికైన మెట్టు ఇదే. 120 ప్రశ్నలు, 120 మార్కులు, గంటన్నర. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన అంశాలకు 30, లా చదవగల అభిరుచికి 60. తప్పు రాస్తే మార్కులు పోవు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు కావాలి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. నోటిఫికేషన్ మామూలుగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వస్తుంది, పరీక్ష వేసవిలో. సగం మార్కులు చివరి భాగంలోనే ఉన్నాయి కనుక రోజూ గంట చొప్పున మూడు నెలలు రాజ్యాంగం, ప్రాథమిక హక్కులు, చట్టాల్లోని మౌలిక సూత్రాలు చదివి, పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేస్తే సరిపోతుంది. సీట్లలో మూడోవంతు మహిళలకు కేటాయింపు ఉంది.

ఒక్క మాట మాత్రం మరచిపోకండి. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. హత్యకు సెక్షన్ 302 అని అలవాటుగా అంటాం, ఇప్పుడది 103. మోసానికి 420 కాదు, 318. అత్తింటి వేధింపులకు 498ఎ కాదు, 85. పక్కింటి అబ్బాయి ఇచ్చిన పాత పుస్తకాలతో చదవకండి. అయితే 2024 జులైకి ముందు జరిగిన నేరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తున్నాయి. కోర్టులో అడుగుపెట్టాక రెండూ తెలిసి ఉండాలి.

కాలేజీ, ఉద్యోగం: ఈ రెండూ కలిపే ఆలోచించాలి

ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కనీసం మూడు కాలేజీలకు స్వయంగా వెళ్ళండి. మామూలు పనిదినాన, పదకొండు గంటలప్పుడు. ఆఫీసులో ఎవరినీ ఏమీ అడగకుండా తరగతి గదుల వైపు నడవండి. గదుల్లో పిల్లలున్నారా, లెక్చరర్ ఉన్నారా, లైబ్రరీ తలుపు తీసి ఉందా చూడండి. ఆ పది నిమిషాల్లో తెలిసేది ఏ బ్రోచరూ చెప్పదు.

"మీరు ఉద్యోగం చేసుకోండి మేడం, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే కాలేజీలు ఉన్నాయి. దయచేసి అటువైపు వెళ్ళకండి. నీతి కోసం చెప్పడం లేదు, నష్టం మీకే. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. గట్టి కారణం ఉంటే, మొత్తం మీద 70 ఉన్నప్పుడు, ఒక సబ్జెక్టులో 65 దాకా సడలించవచ్చు. అంతకన్నా కిందికి దిగడానికి లేదు. ఎల్‌ఎల్‌బీలో దూరవిద్య లేదు. తరగతులు ఉదయం 8కి సాయంత్రం 7కి మధ్యనే జరగాలి కాబట్టి ఆఫీసయ్యాక చదివే రాత్రి కాలేజీలూ లేవు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. విద్యార్థి ఉద్యోగంలో ఉంటే ఆ సంగతి ప్రకటించాలి, యజమాని నుంచి నిరభ్యంతర పత్రం చూపాలి. రిజిస్టరులో దొంగ సంతకాలతో వచ్చిన డిగ్రీ, రేపు ఎన్‌రోల్‌మెంట్ దగ్గర, ఆఫీసు హాజరూ కాలేజీ హాజరూ పక్కపక్కన పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

అయితే ఉద్యోగం మానేయాలా? నా సమాధానం: మానేయాలి, కానీ వెంటనే కాదు. ర్యాంకు రాగానే రాజీనామా ఇవ్వకండి. కౌన్సెలింగ్ చాలాసార్లు నెలల తరబడి సాగుతుంది. సీటు ఖాయమై, తరగతులు మొదలయ్యే తేదీ తెలిశాక నోటీసు ఇవ్వండి. ఆ తర్వాత కాలేజీ వేళలకు అడ్డురాని పని ఏదైనా, ట్యూషన్లు చెప్పడమో అనువాదమో లెక్కలు రాయడమో, చూసుకోండి. ఉదయం తరగతులుండి మధ్యాహ్నానికి వదిలే కాలేజీలు కొన్ని ఉన్నాయి. నేను అలాంటిదే ఎంచుకుని, సాయంత్రాలు రెండు చిన్న సంస్థలకు జీతాల లెక్కలు చేసిపెట్టాను.

డబ్బు లెక్క మూడేళ్ళకు కాదు, అయిదేళ్ళకు వేయండి. డిగ్రీ అయ్యాక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేరిన మొదటి రెండేళ్ళూ చేతికి వచ్చేది చాలా తక్కువ. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసింది. అది సిఫారసు మాత్రమే, జిల్లా కోర్టుల్లో అంత ఇచ్చే సీనియర్లు తక్కువ. పూర్తికాలం జీతం మీద ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడానికి కూడా నిబంధనలు ఒప్పుకోవు.

ఇంట్లో ఎలా చెప్పాలి

కలల గురించి, ఆత్మగౌరవం గురించి చెప్పి ఒప్పించాలని చూసి నేను ఓడిపోయాను. అమ్మకు అర్థమైంది వేరే భాష. ఒక ఆదివారం ఆ ఎనిమిది వరుసల కాగితం పక్కన ఇంకో కాగితం పెట్టాను. కాలేజీ ఎన్నింటికి, ఇంటికి రావడం ఎన్నింటికి, పరీక్షలు ఏ నెలల్లో, ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, ఫీజు ఎప్పుడు ఎంత, ఆ డబ్బు ఎక్కడినుంచి. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. "డిసెంబరులో పరీక్షలంటే చెల్లి కానుపు కూడా అప్పుడే కదే" అంది. అంతే. చదవాలా వద్దా అన్న వాదన డిసెంబరు ఎలా సర్దాలన్న లెక్కగా మారింది. అత్తింట్లోనూ ఇదే పద్ధతి పనిచేసింది, కొంచెం ఎక్కువ రోజులు పట్టింది.

ఈ మూడేళ్ళలోనే బిడ్డను కనాలనుకుంటే దాన్నీ కాగితం మీద పెట్టండి, దాచకండి. ఒక తేడా తెలుసుకుని పెట్టండి. పేపరు పోతే సప్లిమెంటరీ రాసుకోవచ్చు. హాజరు తగ్గి ఆ సెమిస్టర్ నుంచి ఆపేస్తే మాత్రం కిందిబ్యాచ్‌తో కూర్చోవాలి, దాదాపు ఏడాది పోతుంది. కాబట్టి మొదటి నెలల్లో, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు, హాజరు వీలైనంత పైకి తెచ్చుకోండి. ప్రిన్సిపాల్‌కి ముందుగానే రాతపూర్వకంగా తెలిపి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.

మొదటి సెమిస్టర్ చదవడం

మొదటి సెమిస్టర్లో సాధారణంగా కాంట్రాక్టులు, టార్టులు (ఒప్పందంతో సంబంధం లేని పౌర తప్పిదాలు, వాటికి పరిహారం), రాజ్యాంగం, కుటుంబ చట్టం ఉంటాయి. మొదటిరోజు మీ పక్క బెంచీలో ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయి కూర్చుని మిమ్మల్ని "మేడం" అంటుంది. వారంలో "అక్కా" అవుతారు. అలా కానివ్వండి. నోట్స్ పంచుకునేది, మీరు రాని రోజు ఏం జరిగిందో చెప్పేది ఆ పిల్లలే.

మన వయసువాళ్ళకు ఇబ్బంది తెలివితేటల దగ్గర రాదు, చేతిరాత దగ్గర వస్తుంది. ఏడేళ్ళుగా సంతకం తప్ప పెన్నుతో ఏమీ రాయలేదు నేను. మొదటి ఇంటర్నల్ పరీక్షలో నలభై నిమిషాలకే బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టింది. జవాబు తెలిసిన చివరి ప్రశ్న రాయకుండానే పేపరు ఇచ్చేశాను. చేరిన రోజునుంచే రోజుకి రెండు పేజీలు చేత్తో రాయండి. ఆ రోజు పాఠమే రాయండి. వారానికోసారి గంటసేపు ఆపకుండా రాయండి. సెమిస్టర్ చివర్లో మూడు గంటల పరీక్షకు చెయ్యి అలవాటుపడి ఉంటుంది.

గైడ్లతో మొదలుపెట్టకండి. ముందు బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం. కేంద్ర చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు వెబ్‌సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితం, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. సెక్షన్ చదివాక పుస్తకం మూసి, దాన్ని మీ అమ్మకి చెప్పినట్టు తెలుగులో ఒక వాక్యంగా రాయండి. రాయలేకపోతే మీకు అర్థం కాలేదన్నమాట.

తీర్పుల్ని ఎలా చదవాలో ఒకటి చూపిస్తాను. కాంట్రాక్టుల్లో మొదట్లోనే వచ్చే కేసు మొహోరీ బీబీ వర్సెస్ ధర్మదాస్ ఘోష్, 1903, ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు). అరపేజీ తీసుకుని నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో జరిగింది: మైనరైన ధర్మదాస్ తన ఇళ్ళు 20,000 రూపాయలకు వడ్డీ వ్యాపారికి తనఖా రాశాడు, అవతలి ఏజెంటుకు ఇతను మైనరని తెలుసు. రెండో గడిలో ప్రశ్న: మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లుతుందా, చెల్లకపోతే తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలా? మూడో గడిలో చట్టం: 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్. నాలుగో గడిలో తేల్చింది, ఎందుకు తేల్చింది: ఒప్పందం మొదటినుంచీ చెల్లదు, కాబట్టి చెల్లని ఒప్పందం కింద డబ్బు తిరిగి ఇమ్మని అతణ్ణి బలవంతపెట్టడానికి లేదు. ఆ నాలుగో గడే పరీక్షలో మార్కులు తెస్తుంది. చాలామంది మొదటి గడి కథను రెండు పేజీలు రాసి, నాలుగో గడిని ఒక్క వాక్యంలో వదిలేస్తారు. రోజుకి ఒక కేసు ఇలా చేస్తే సెమిస్టర్‌కి ఎనభై, తొంభై అవుతాయి. అంతకు మించి ఎవరూ అడగరు.

ఉదయం లేచి చదవాలా, రాత్రి చదవాలా అని నన్ను అడుగుతుంటారు. మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉండే వేళ ఏదైతే అది.

కోర్టుకి మొదటి ఏడాదినుంచే వెళ్ళండి

మూడేళ్ళ కోర్సులో మొత్తం 12 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఒక ఏడాదిలో వరుసగా నాలుగు వారాలు మించకూడదు. మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదన) పేపరు కోసం ఒక సివిల్ కేసూ ఒక క్రిమినల్ కేసూ విచారణ స్వయంగా చూసి రాయాలి. చాలామంది దీన్ని చివరి సెమిస్టర్లో ఎవరి రికార్డులోంచో ఎత్తిరాస్తారు. మీరు అలా చేయకండి. మీ చేతిలో ఉన్న కాలం తక్కువ, మీకు ఆ చూపు ముందే రావాలి.

దగ్గర్లోని జిల్లా కోర్టు ఏ రోజైనా పదిన్నరకి మొదలవుతుంది. తెల్ల సల్వారో చీరో కట్టుకుని వెనక బెంచీలో కూర్చోండి, ఫోన్ ఆపేయండి. ఉదయం కాల్‌వర్క్ నడుస్తుంది, పేర్లు పిలుస్తారు, వాయిదాలు పడతాయి. అది అయ్యాక సాక్షుల విచారణ ఉంటే అక్కడే ఉండండి. నేను చూసిన మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి ఒక పెద్దావిడ. "గొడవ జరిగినప్పుడు మీరక్కడ ఉన్నారా?" అని వకీలు అడిగాడు. "ఉన్నట్టే ఉన్నానయ్యా" అందావిడ. అది ఇంగ్లీషులో రికార్డుకి ఎక్కేటప్పుడు "నేను అక్కడ ఉన్నాను" అని ఎక్కబోయింది. అవతలి పక్క సీనియర్ వెంటనే లేచి, ఆవిడ అన్న మాట అది కాదని, తెలుగు మాట ఉన్నదున్నట్టు రాయమని కోరారు. ఉన్నట్టే ఉన్నాను అంటే ఉన్నానని కాదు, లేనని కూడా కాదు. ఆ కేసంతా ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. అత్తింటి, పుట్టింటి మాటలూ, ఆఫీసు మాటలూ ముప్పై ఏళ్ళు విన్న చెవికి ఇలాంటివి ఇట్టే పట్టుబడతాయి. తరగతిలో నాకన్నా మార్కులు ఎక్కువ తెచ్చుకునే పిల్లలు పక్కనే కూర్చుని ఆ మాట దాటిపోయారు.

ఆ సీనియర్ దగ్గరికే మధ్యాహ్నం వెళ్ళి, ఇంటర్న్‌షిప్‌కి రావచ్చా అని అడిగాను. మీరూ అలాగే చేయండి. పరిచయాల ద్వారా పేరున్నవాళ్ళను వెతకడం కన్నా, పదిరోజులు కోర్టులో కూర్చుని, ఎవరు ఫైలు చదివి వస్తున్నారో చూసి, వాళ్ళను అడగండి. ఆడ జూనియర్లు ఆ ఆఫీసులో ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారో, ఎన్నింటికి ఇంటికి వెళ్తారో వాళ్ళనే విడిగా అడగండి. జవాబు తడబడితే వేరే ఆఫీసు చూసుకోండి. జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో నాలుగు వారాలు చేయడం కూడా మంచిది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. అక్కడికి వచ్చే ఆడవాళ్ళు మన వయసువాళ్ళే ఎక్కువ. పక్కన కూర్చుని అర్జీ రాసిపెడితే డ్రాఫ్టింగ్ దానంతటదే వస్తుంది.

చివరి సెమిస్టర్, ఎన్‌రోల్‌మెంట్

డిగ్రీ అయ్యాక మీ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఉన్న రుసుము 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. ఇంతకన్నా ఎక్కువ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చింది. ఆ తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామినేషన్. 100 ప్రశ్నలు, వ్యాఖ్యలు లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకువెళ్ళవచ్చు, పాసవడానికి 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40. మొదటి సెమిస్టర్ నుంచి బేర్ యాక్టులతో చదివినవాళ్ళకు ఏ సెక్షన్ ఏ పేజీలో ఉందో వేళ్ళకే తెలుస్తుంది. గైడ్లతో చదివినవాళ్ళు అక్కడ విషయసూచిక తిప్పుతూ ఉంటారు.

ఎన్‌రోల్‌మెంట్ ఫారం నింపేముందు పేరు సంగతి ఇంకోసారి చూసుకోండి. అక్కడ రాసిన పేరే సనదు (వకీలుగా నమోదైన ధ్రువపత్రం) మీద పడుతుంది, వకాలత్నామా మీద, గది బయట బోర్డు మీద కూడా అదే. పెళ్ళికి ముందు పేరా, తర్వాతి పేరా అని ఇంట్లో ఎవరైనా అడిగితే ఆ జవాబు మీ దగ్గర అప్పటికే ఉండాలి. నేను టెన్త్ మెమోలో ఉన్న పేరు రాశాను.